మొదటి ఎత్తుకు ముందుమాట



ముప్పై యేళ్ళకు పైగా పాఠశాలలో తెలుగు చెప్పినవాణ్ణి. ఆ కాలమంతా నాకొక శత్రువు ఉండేది. దాని పేరు గైడు. పాఠం చదవకుండానే జవాబు కంఠస్థం చేయించే పుస్తకమది. "ఈ మాటలు ఎవరు, ఎవరితో, ఏ సందర్భమున పలికిరి?" అన్న ప్రశ్నకు గైడు చదివిన పిల్లవాడు ఠకీమని జవాబు వ్రాస్తాడు. అదే పద్యం గురించి మరో ప్రశ్న అడిగితే తెల్లమొహం వేస్తాడు. పదవీ విరమణతో ఈ పీడ విరగడయిందనుకున్నాను. కాలేదు. మా మనుమడి ఆటపెట్టెలో మళ్ళీ ప్రత్యక్షమయింది.

వాడు ఆడే ఆట పేరు డిప్లొమసీ. వాడి నోటుపుస్తకంలో ఏడు రాజ్యాలకు ఏడు పేజీలు కేటాయించుకున్నాడు. ఒక్కొక్క పేజీలో ప్రారంభపుటెత్తులు, వాటి పేర్లు, వాటి వరుస. "ఇవి బట్టీ పడితే చాలు తాతయ్యా, మొదటి సంవత్సరం గట్టెక్కినట్టే" అన్నాడు. పిల్లవాణ్ణి అని లాభమేమిటి? ఈ ఆటలో ఆరితేరామనుకునే పెద్దలలోనూ చాలామందికి ఇదే భ్రమ. దానిని ఖండించడానికే ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

నా వాదం ఇది. ఈ ఆటలో ప్రారంభపుటెత్తు చీటీ మీద పుట్టదు, పొరుగువాడితో జరిపే సంభాషణలో పుడుతుంది. మాట కుదరని ఎత్తుకు పేరు ఎంత ఘనమైనదైనా విలువ సున్న. ఇక ఇచ్చిన మాటను మొదటి సంవత్సరంలోనే తప్పమని ప్రోత్సహించే ఎత్తు, నీతి సంగతి అటుంచి, లెక్క ప్రకారం కూడా తెలివితక్కువది. ఈ రెండో సంగతి నేను పుస్తకాలు చదివి తెలుసుకున్నది కాదు. చేసిన పాపం వల్ల తెలిసింది. ఆ కథ తరువాత మనవి చేస్తాను.

ఆట తెలియనివారి కోసం కొంత వివరణ. దీనిని అలన్ కాలమర్ అనే అమెరికన్ 1954లో రూపొందించాడు. 1959లో సొంత ఖర్చుతో 500 ప్రతులు వేయించుకున్నాడు. ఆయన తరువాతి కాలంలో ఇల్లినాయ్ రాష్ట్రంలో తపాలా బంట్రోతుగా పనిచేశాడు. 2013లో కాలం చేశాడు. మొదటి ప్రపంచయుద్ధం ఎందుకు వచ్చిందన్న చరిత్ర చదివి, ఆ మంతనాలనే ఆటగా మలిచాడు. బల్ల మీద 1901 నాటి ఐరోపా పటం ఉంటుంది. ఇంగ్లండు, ఫ్రాన్సు, జర్మనీ, ఇటలీ, ఆస్ట్రియా, రష్యా, టర్కీ అని ఏడు రాజ్యాలు, ఏడుగురు ఆటగాళ్ళు. పటంలో మొత్తం 34 కేంద్రాలు. వాటిలో 22 ఆయా రాజ్యాల సొంతం, మిగిలిన 12 మొదట ఎవరివీ కావు. ఎన్ని కేంద్రాలు చేతిలో ఉంటే అన్ని సేనలు. 18 కేంద్రాలు చేజిక్కినవాడు విజేత. రష్యాకు ఆరంభంలో నాలుగు దళాలు, తక్కినవారికి మూడేసి. ఇందులో పాచికలు లేవు, అదృష్టం లేదు.

ఏడాదికి రెండు ఎత్తులు: వసంతంలో ఒకటి, శరత్తులో ఒకటి. ప్రతి ఎత్తుకు ముందు ఆటగాళ్ళు ఇద్దరిద్దరుగా, ముగ్గురు ముగ్గురుగా పక్కకు వెళ్ళి మంతనాలాడుకుంటారు. మొదటిసారికి అరగంట, ఆ తరువాత పావుగంట చొప్పున సమయం ఇవ్వడం నియమం. అటుపైన ప్రతివాడూ తన ఆజ్ఞలను చీటీ మీద వ్రాసి మడిచి పెడతాడు. ఏడు చీటీలూ ఒక్కసారే విప్పుతారు. సమానబలం గల రెండు సేనలు ఒకే చోటికి కదిలితే రెండూ ఢీకొని ఉన్నచోటనే మిగిలిపోతాయి. ఒకదానికి మరొక సేన దన్నుగా నిలిస్తేనే అది ముందుకు పోతుంది. ఆ దన్ను పరాయి రాజ్యపు సేన అయినా ఇవ్వవచ్చు. ఇచ్చిన మాట నిలుపుకోవాలన్న నిబంధన మాత్రం ఎక్కడా లేదు.

ఇప్పుడు చదరంగంతో పోల్చి చూడండి. చదరంగంలో తెల్లపావులవాడికి మొదటి ఎత్తుకు సరిగ్గా 20 దారులు ఉన్నాయి. ఎదుటివాడు ఒక్కడే, వాడు శత్రువే, వాడి ఎత్తు మీ ఎత్తు చూసిన తరువాతనే వస్తుంది. అందువల్ల అక్కడ శతాబ్దాల తరబడి ప్రారంభశాస్త్రం పెరిగింది. దానిని అభ్యసించడంలో అర్థముంది. డిప్లొమసీలోనో, మీ ఎత్తు మంచిదో చెడ్డదో నిర్ణయించేది మిగతా ఆరు చీటీలు. అవి మీతో పాటే విప్పబడతాయి. ఆ చీటీలలో ఏముందో ఊహించడానికి మీకున్న ఏకైక ఆధారం అంతకుముందు జరిగిన అరగంట మాటలు. చదరంగం నుంచి బట్టీ పద్ధతిని అరువు తెచ్చి ఈ ఆటకు అంటగట్టడం, ఛందస్సు కోసం వ్రాసిన లక్షణగ్రంథంతో ఉత్తరం వ్రాయబోవడం వంటిది.

ఉదాహరణలు లేకుండా ఖండించడం న్యాయం కాదు గనుక మూడు చూపుతాను.

నల్లసముద్రం తీసుకోండి. రష్యాకు సెవాస్తపోల్‌లో ఒక నౌకాదళం ఉంది, టర్కీకి అంకారాలో ఒకటి. మొదటి వసంతంలో రెండూ నల్లసముద్రంలోకే కదిలాయనుకోండి. ఢీకొని రెండూ వెనక్కు తగ్గుతాయి. మనుమడి నోటుపుస్తకం ప్రకారం ఇది వైరం. నిజానికి మూడు రకాలుగా జరిగి ఉండవచ్చు. ఇద్దరూ నిజంగానే కలహించి ఉండవచ్చు. లేదా ఒకరి మీద ఒకరికి ఇంకా పూర్తి నమ్మకం కుదరక, "ఈసారికి ఇద్దరమూ కదులుదాం, ఎవరికీ దక్కకుండా ఉంటుంది" అని ముందే ఒప్పుకొని ఉండవచ్చు. లేదా ఇద్దరూ ప్రాణమిత్రులై, ఆస్ట్రియాను ఏమరచడానికి ఉత్తుత్తి పోరు ప్రదర్శించి ఉండవచ్చు. చీటీలలోని అక్షరాలు మూడు సందర్భాలలోనూ ఒక్కటే. ఎవరు, ఎవరితో, ఏ సందర్భమున అన్నది తెలియనివాడికి ఆ అక్షరాలు ఏం చెబుతాయి?

రెండవది స్వీడన్. రష్యా తన ఉత్తరపు నౌకాదళాన్ని వసంతంలో సెయింట్ పీటర్స్‌బర్గ్ నుంచి బోత్నియా సింధుశాఖకు నడిపి, శరత్తులో స్వీడన్ చేరాలని చూస్తుంది. జర్మనీ తన నౌకాదళాన్ని వసంతంలో కీల్ నుంచి డెన్మార్క్ చేరుస్తుంది. శరత్తులో జర్మనీ కూడా స్వీడన్‌కు బయలుదేరితే ఢీకొంటాయి; రష్యాకు స్వీడన్ దక్కదు, జర్మనీకి డెన్మార్క్ ఎలాగూ ఉంటుంది. అంటే ఖర్చేమీ లేకుండా రష్యాకు ఒక కేంద్రం ఇవ్వడమో ఆపడమో జర్మనీ చేతిలో ఉంది. "డెన్మార్క్ చేరుము" అని నోటుపుస్తకం చెబుతుంది. అది ఎవరికి తెలియదు? చేరిన తరువాత స్వీడన్‌ను ఏ ధరకు అమ్మాలి? వార్సాలోని సేన తన వైపు రాకూడదని అడగాలా, ఇంగ్లండు మీద ఉమ్మడిగా వెళ్దామని అడగాలా? అసలు ఎత్తు అక్కడుంది, నోటుపుస్తకంలో అక్కడ ఖాళీ ఉంది.

మూడవది లెపాంటో. ప్రారంభపుటెత్తులలో చాలా పేరున్నది, ఎడి బిర్సన్ అనే ప్రసిద్ధ ఆటగాడి పేరుతో ముడిపడినది. 1571లో క్రైస్తవ నౌకాదళాలు తురుష్క నౌకాదళాన్ని ఓడించిన యుద్ధం పేరు దీనికి పెట్టారు. ఇటలీ మొదటి ఏడాది అయోనియన్ సముద్రంలోకి నౌకాదళాన్ని నడిపి, దాని మీదుగా ఒక సేనను ట్యునిస్‌కు దాటిస్తుంది. రెండవ ఏడాది మరింత తూర్పుకు జరిగి ఆ సేననే సిరియాలో దించి టర్కీని వెనుకనుంచి కొడుతుంది. చక్కని ఆలోచన, నేను కాదనను. కాని ఇది సాగడానికి మొదటి షరతు, ఇటలీ సముద్రం మీద ఉన్నంతకాలం ఆస్ట్రియా వెనిస్ జోలికి రాకపోవడం. ఆ షరతును ఏ ఎత్తూ నెరవేర్చలేదు. మాటే నెరవేర్చాలి.

పటంలో మరో విశేషం ఉంది. ఆట మొదట్లో రెండు వేర్వేరు రాజ్యాల సొంత కేంద్రాలు ఒకదానినొకటి ఆనుకొని ఉన్నది ఒకే ఒక్క చోట: ఇటలీ వారి వెనిస్, ఆస్ట్రియా వారి ట్రియెస్ట్. గోడ పంచుకున్న ఇళ్ళు. అందువల్లనే ఆ రెండింటి మధ్య మాట ఎంత అవసరమో అంత కష్టం. నా పాపం జరిగింది కూడా అక్కడే.

రెండేళ్ళ క్రిందటి వేసవి సెలవులలో మా ఇంట్లో ఏడుగురం కుదిరాం. నాకు ఇటలీ వచ్చింది, మనుమడికి ఆస్ట్రియా. అల్లుడుగారికి టర్కీ. నేను అప్పటికే వాడి నోటుపుస్తకం రహస్యంగా తిరగేశాను. అందులో లెపాంటోకే మరొక రూపం ఉంది: వసంతంలో ఆస్ట్రియా తన నౌకాదళాన్ని ట్రియెస్ట్ నుంచి అల్బేనియాకు తప్పించి, ఖాళీ అయిన ట్రియెస్ట్‌లోకి ఇటలీ సేనను రానిస్తుంది, శరత్తులో ఆ సేన సెర్బియాకు సాగిపోయి ఇద్దరూ కలిసి టర్కీ మీద పడతారు. సొంత ఇంట్లోకి పరాయి సేనను రానివ్వడమంటే సామాన్యమైన నమ్మకం కాదు. నేను వాణ్ణి పెరట్లోకి తీసుకువెళ్ళి ఈ పథకం వివరించాను. వాడు కొంచెంసేపు ఆలోచించి, "సెర్బియాకు తప్పకుండా వెళ్ళిపోతారు కదా తాతయ్యా?" అని అడిగాడు. "వెళ్ళిపోతాను నాన్నా" అన్నాను.

వెళ్ళలేదు. నోటుపుస్తకంలోనే, అదే పేజీ అడుగున, "ఇటలీ ఇక్కడ ఆగిపోతే ఆస్ట్రియా పని అయిపోయినట్టే" అని ఒక వాక్యం ఉంది. దాన్ని నేను అందమైన చమత్కారంగా చదువుకున్నాను. శరత్తు చీటీలు విప్పినప్పుడు ట్రియెస్ట్‌లోని నా సేన కదలలేదు. ట్యునిస్‌తో కలిపి నా కేంద్రాలు మూడు నుంచి ఐదయ్యాయి. వాడికి గ్రీసు దక్కినా సొంత ట్రియెస్ట్ పోయింది, కొత్త సేన పుట్టలేదు, వియన్నా బోసిగా మిగిలింది. అందరూ "మాష్టారు గట్టివారే" అన్నారు. వాడు ఏమీ అనలేదు.

ఇక లెక్క వినండి. 1903 ముగిసేలోగా ఆస్ట్రియా అంతమయింది. దాని కేంద్రాలలో నాకు ట్రియెస్ట్ తప్ప మరొకటి దక్కలేదు. మిగిలినవి రష్యా, టర్కీ పంచుకున్నాయి. టర్కీకి అడ్డుగా ఉన్న ఏకైక గోడను నేనే పడగొట్టుకున్నాను. ఆపైన అల్లుడుగారి నౌకలు అయోనియన్ సముద్రంలోకి వచ్చినప్పుడు సాయం చేయమని ఫ్రాన్సును బతిమాలాను. ఫ్రాన్సు ఆడుతున్న పొరుగింటి అమ్మాయి నా పూర్వ విద్యార్థిని. "మీరు మనుమడికే మాట తప్పారు కదండీ, నాకెలా నిలుపుకుంటారు?" అంది, ఎంతో మర్యాదగా. 1906లో నా ఆఖరి కేంద్రం పోయింది. ఒక్క కేంద్రం కోసం మాట అమ్ముకున్నవాడికి ఆ తరువాత అమ్ముకోవడానికి ఏమీ మిగలదు. నేను ఓడింది అల్లుడుగారి ఎత్తుల వల్ల కాదు.

చరిత్రలో ఇటలీ చేసిందీ ఇంచుమించు ఇదే. 1882 నుంచి జర్మనీ, ఆస్ట్రియాలతో త్రైపాక్షిక సంధిలో ఉన్న దేశం 1914లో తటస్థమని ప్రకటించుకొని, 1915 ఏప్రిల్‌లో లండన్‌లో రహస్యంగా బేరం కుదుర్చుకొని, మే నెలలో ఆస్ట్రియా మీదనే యుద్ధానికి దిగింది. ఆ బేరంలో వాగ్దానం చేయబడ్డ వాటిలో ట్రియెస్ట్ ఒకటి. ట్రియెస్ట్ దక్కింది నిజమే. అందుకు పోయినవి లక్షల ప్రాణాలు. ఇస్తామన్నవన్నీ ఇవ్వలేదన్న దుగ్ధ ఆ దేశాన్ని ఏ నియంత చేతిలో పెట్టిందో అందరికీ తెలుసు.

నా వాదానికి ఎదురు వచ్చేవారు ముగ్గురు. వారికి సమాధానం చెప్పడం నా విధి.

మొదటివారు, "ఇది మోసాల ఆట, నిబంధనలే మోసాన్ని అనుమతిస్తున్నాయి, మీ నీతిపాఠాలు బడిలో చెప్పుకోండి" అంటారు. అనుమతి ఉన్న ప్రతిదీ తెలివైన పని కాదు. ఆట చివరలో, 16 కేంద్రాలు చేతిలో ఉండి మిత్రుడి రెండు కేంద్రాలతో గెలుపు ఖాయమయ్యే చోట మాట తప్పినవాణ్ణి నేను తిట్టను; ఆ తరువాత ఆటే లేదు గనుక అది ఆట ముగింపు. మొదటి శరత్తులో తప్పినవాడి ముందు ఇంకా ఎన్నో ఏళ్ళున్నాయి. ఆ ఏళ్ళన్నీ ఆరుగురు సాక్షుల నడుమ గడపాలి. అప్పు చేసి పండుగ చేసుకున్నట్టుంటుంది వ్యవహారం.

రెండవవారు కౌటిల్యుణ్ణి ఉదహరిస్తారు. పొరుగువాడు అరి, వాడి అవతలివాడు మిత్రుడు. కనుక వెనిస్, ట్రియెస్ట్‌లు కొట్టుకోవడమే శాస్త్రసమ్మతమని వారి భావం. మండల సిద్ధాంతాన్ని కూడా గైడులా చదివితే ఇలాగే ఉంటుంది. అదే అర్థశాస్త్రంలో షాడ్గుణ్యం లెక్కించేటప్పుడు మొదట నిలిచింది సంధి. విగ్రహం దాని తరువాత. సంధి వల్లా విగ్రహం వల్లా సమానమైన వృద్ధి కలిగేటట్టయితే సంధినే ఆశ్రయించమని ఆయనే చెప్పాడు. విగ్రహంలో క్షయం, వ్యయం, ప్రవాసం ఉన్నాయన్నది ఆయన చూపిన కారణం. మా తెలుగు పండితులు చిన్నయసూరి దగ్గర చదువుకున్న సంగతి ఇంకొకటి ఉంది. సంస్కృత పంచతంత్రం మిత్రభేదంతో మొదలవుతుంది. 1853 నాటి నీతిచంద్రికలో సూరి, హితోపదేశపు వరుసను అనుసరించి, మిత్రలాభాన్ని ముందు పెట్టి మిత్రభేదాన్ని తరువాతకు జరిపాడు. ఏళ్ళ తరబడి ఆ వరుసలో పాఠం చెప్పినవాణ్ణి నేను ఆట దగ్గర మొదటి పుటే భేదంతో తెరిచాను. స్నేహమే సంపాదించనివాడికి భేదించడానికి ఏముంటుంది?

మూడవవారు ఆధునికులు. "ఇప్పుడు యంత్రాలు ఆడుతున్నాయి, అవి లెక్క కట్టి మంచి ఎత్తు చెబుతాయి" అంటారు. మంచిదే, యంత్రం సాక్ష్యమూ విందాం. మెటా సంస్థ వారు 2022లో సిసిరో అనే యంత్రాన్ని ఈ ఆటలోకి దింపారు. 40 ఆటలలో 82 మంది మనుషులతో ఆడి, ఒకటి కన్నా ఎక్కువ ఆటలు ఆడినవారిలో అది పైనున్న పది శాతంలో నిలిచింది. ఎత్తులు లెక్కించే యంత్రాలు అంతకుముందూ ఉన్నాయి. దీని ప్రత్యేకత, తాను వేయబోయే ఎత్తును ఆధారం చేసుకొని ఎదుటివారితో సంభాషించడం. అంటే చేయదలచినదానికి, చెప్పేదానికి పొత్తు కుదర్చాలని దాని నిర్మాతలు ప్రయత్నించారు. అదీ కొన్నిచోట్ల మోసగించిందని 2024లో వేరే పరిశోధకులు ఎత్తిచూపారు. ఆ దోషాన్ని నేను దాచను. కాని ఈ ఆటలో మనిషికి దీటుగా నిలవాలంటే యంత్రానికి కూడా మాట నేర్పవలసి వచ్చిందన్న సంగతి మిగిలే ఉంది. బట్టీ వాదులు దానికేమంటారు?

ఖండించి ఊరుకోవడం గురువు లక్షణం కాదు. ప్రారంభాన్ని ఎలా యోచించాలో నాకు తోచినది చెబుతాను. చీటీ ముట్టుకోకముందు ఆరుగురితోనూ మాట్లాడాలి, దూరంగా ఉన్నవారితో సహా. టర్కీ వాడికి ఇంగ్లండుతో పనేమిటనుకోకూడదు. రష్యా ఉత్తరాన బలంగా ఉందో లేదో చెప్పేది ఇంగ్లండే. ప్రతి పొరుగువాడి గురించి మూడు ప్రశ్నలు వేసుకోవాలి: నాతో మైత్రి వల్ల అతనికి ఈ ఏడాది ఏ కేంద్రం దక్కుతుంది? నేను మాట తప్పితే అతనికి జరిగే నష్టమెంత? అతను తప్పితే నాకు జరిగేదెంత? ఇద్దరికీ దక్కేది కంటికి కనబడుతూ, తప్పితే పోయేది ఇద్దరికీ సమానంగా ఉన్న ఒప్పందం నిలుస్తుంది. ఒకడు ఇల్లు అప్పగించి, మరొకడు ఉత్త మాట అప్పగించే ఒప్పందం నిలవదు. నేను పెరట్లో ప్రతిపాదించినది అలాంటిది. ఈ ప్రశ్నలకు జవాబు దొరికిన తరువాత లెపాంటోనో మరొకటో తీసి చూడండి. అప్పుడది నిఘంటువులా పనికివస్తుంది. చెప్పవలసిన సంగతి ఉన్నవాడికే నిఘంటువుతో పని.

"ఆటకింత రాద్ధాంతమెందుకండీ" అనేవారూ ఉంటారు. పిల్లలు ఈ ఆటలో నేర్చుకునేది మనుషులతో ఎలా మాట్లాడాలో, ఎవరి మాట ఎంతవరకు నమ్మాలో. అందులో తాత దగ్గర వాడు ఏం నేర్చుకున్నాడన్నది నాకు చిన్న విషయంగా తోచడం లేదు.

ఈ వేసవిలో మళ్ళీ ఆడాం. నాకు జర్మనీ, వాడికి రష్యా వచ్చాయి. శరత్తులో స్వీడన్‌కు అడ్డు రానని మాట ఇచ్చాను, నిలుపుకున్నాను. స్వీడన్ వాడిదయింది. చీటీలన్నీ విప్పాక చూస్తే, దక్షిణాన ఎంతో అవసరమున్న తన సేనను వాడు వార్సాలోనే, నా సరిహద్దుకు ఎదురుగా, కదలకుండా నిలిపి ఉంచాడు. ఎందుకని నేను అడగలేదు. వసంతానికి మళ్ళీ మాట్లాడుకోవడానికి పెరట్లోకి వెళ్ళాం.